గోనె సంచి దోపిన పొగగొట్టం

జగిత్యాలలో ఊపిరితిత్తుల డాక్టరు నా ఎక్స్‌రేను వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. చూసి, నన్ను కాకుండా పక్కన కూర్చున్న మా ఆయన్ని అడిగాడు, ఈ అమ్మ బీడీలు తాగేదా అని. నాకు ఒళ్ళు మండింది. ఊపిరితిత్తులు నావి, నోరూ నాకే ఉంది. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పిన గొంతుతోనే, నేను జన్మలో బీడీ ముట్టలేదు, నాకు పొగ తాగించింది మా బాపు అన్నాను. డాక్టరు కుర్రవాడు. నవ్వాలో వద్దో తెలియక మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నా మోచేయి నొక్కాడు, ఊరుకోమని. డాక్టరు తేరుకుని ఈసారి నన్నే అడిగాడు, చిన్నప్పుడు ఇంట్లో కట్టెల పొయ్యి ఉండేదా, పొగ బయటికి పోయే దారి ఉండేదా అని. దారి ఉండేది, మూసేసేవాళ్ళం అన్నాను. ఎందుకు మూసేవాళ్ళమో అతనికి అక్కడ కూర్చుని చెప్పే ఓపిక నాకు లేకపోయింది. బయట చాలామంది రోగులున్నారు. ఇంటికి వచ్చాక మాత్రం అదే తలలో తిరిగింది, తిండి కూడా సరిగ్గా సయించలేదు.

మాది సిరిసిల్లలో నేతపని వాళ్ళ వాడ. గూనపెంకుల ఇల్లు, రెండే గదులు. వీధివైపు గదిలో నేలలో గుంట తవ్వి దించిన మగ్గం. వెనక గదిలో పొయ్యి, అక్కణ్ణుంచి దొడ్లోకి ఒక తలుపు. రెంటి మధ్య గుమ్మం ఉండేది గానీ దానికి తలుపు లేదు. పొయ్యి మూలలో మా తాత కట్టించిన పొగగొట్టం ఉండేది. కుమ్మరితో అడుగు లేని కుండలు చేయించి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, పేడమట్టితో మెత్తి పైకప్పు దాటించాడు. పొయ్యి రాజుకుంటే పొగంతా అందులోకి పడి పైకి పోయేది. అయితే పొగ ఒక్కటే పోదు కదా, ఇంట్లో గాలిని కూడా వెంట తీసుకుపోతుంది. వీధి తలుపు సందులోంచి దూరిన గాలి మగ్గం మీదుగా నడిచి, గుమ్మం దాటి, పొయ్యి దగ్గరికొచ్చి గొట్టంలో పడేది. మగ్గం మీద నిలువుగా బిగించిన నూలుకు, అంటే పడుగుకు, ఆ గాలి పడదు. తేమ ఆరిందంటే పోగులు పటపట తెగుతాయి. తెగిన ప్రతి పోగునూ వెతికి ముడివేయాలి. అందుకని బాపు మగ్గం గుంటలో నీళ్ళు చల్లేవాడు, కిటికీకి తడి గోనెలు కట్టేవాడు, దొడ్డి తలుపు మూయించేవాడు, ఎవరైనా ఆ గదిలో విసనకర్ర ఊపితే చేతి మీద కొట్టేవాడు. అన్నిటికంటే ముఖ్యంగా, పొగగొట్టం మూతిలో ఒక గోనె సంచిని ఉండచుట్టి దోపేవాడు.

గాలి ఆడుతుందో లేదో తెలుసుకోవడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. గుమ్మం పైకమ్మికి ఒక నూలుపోగు వేలాడదీసేవాడు. మగ్గం గుంటలో కూర్చుంటే అది సరిగ్గా కళ్ళకెదురుగా కనిపించేది. పోగు నిటారుగా ఉంటే గాలి లేదన్నమాట. వంటింటి వైపు వంగిందంటే, మా అమ్మ, మేము అవ్వ అనేవాళ్ళం, ఊపిరాడక గొట్టంలోని గోనెను కర్రతో పక్కకు నెట్టిందన్నమాట. అప్పుడు పడుగు మధ్య అటూ ఇటూ పోగును మోసే నాడె శబ్దం ఆగిపోయేది. బాపు గుంటలోంచి లేచేవాడు. పడుగు మధ్య దూర్చే వెదురుబద్దల్లో ఒకటి ఎప్పుడూ ఆయన చేతికందే చోటే ఉండేది. వంటింట్లోకి వచ్చి, మాట లేకుండా, అవ్వను ఎక్కడ దొరికితే అక్కడ కొట్టేవాడు. వీపు మీద, పిక్కల మీద, చేతులు అడ్డం పెడితే చేతుల మీద. కొట్టాక తనే ముక్కాలి పీట వేసుకుని గోనెను మళ్ళీ దోపి, వెళ్ళి మగ్గంలో కూర్చునేవాడు. ఆ తర్వాత నేత సాఫీగా సాగేది. అంత కొట్టాక ఆ చేయి ఒక్క పోగు కూడా తెంచకుండా ఎట్లా నేసేదో నాకిప్పటికీ అర్థం కాదు.

పొగ వాసన అంటే ఇప్పటివాళ్ళకు ఏదో చలిమంట గుర్తొస్తుంది. మాది ఆ వాసన కాదు. వానాకాలం తడి తుమ్మకట్టెలు, పత్తికట్టె, పిడకలు, వాటి పొగకు పోయే దారి లేదు. అది గోడలకు పట్టి, దూలాలకు పట్టి, జిడ్డులా కారేది. తినే మక్క గటకలో పొగ వాసన, మంచినీళ్ళలో పొగ వాసన, తల దువ్వుకుంటే దువ్వెనలో మసి. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. దాన్ని ఒకసారి పలకతో కొట్టాను కూడా. నా కోపం ఎక్కడిదో వేరే చెప్పనక్కరలేదు. అవ్వ అదే పొగలో వండుతూ, వంట మధ్యలో రాట్నం తిప్పి, నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేది. కండె అయిపోతే బాపు కేకేసేవాడు, ఆమె గుమ్మం దాటి అందించాలి. కళ్ళు ఎప్పుడూ చింతనిప్పుల్లా ఉండేవి. మూలన కూర్చునే మా నాయనమ్మకైతే ఆ కళ్ళు కూడా పోయాయి. ఆమె జీవితమంతా ఆ పొయ్యి దగ్గరే గడిచింది. పొగ తాగకుండా ఏ ఆడదైనా బతికిందా అని కొడుకును వెనకేసుకొచ్చేది. బాపు కొడుతుంటే మాత్రం గోడవైపు తిరిగి కూర్చునేది.

ఒకసారి, నూలిచ్చి నేయించుకునే సావుకారు చీరలు వద్దన్నాడు. విప్పగానే పొగ కంపు కొడుతున్నాయని, ఎవరు కట్టుకుంటారని అందరి ముందూ బాపు మొహాన పడేశాడట. బాపు సావుకారునేమీ అనలేదు. చీరల మూట భుజాన వేసుకుని ఇంటికి వచ్చి, మూటను అవ్వ మీదికి విసిరాడు. ఆమె కిందపడింది. జుట్టు పట్టుకుని లేపి, ఒక చీరను ముక్కుకు అదిమిపెట్టి వాసన చూడమన్నాడు. చూస్తావా లేదా అని అదిమిపెట్టి ఉంచాడు. అవ్వ అప్పటిదాకా ఎప్పుడూ ఎదురు చెప్పగా నేను వినలేదు. ఆ రోజు ఊపిరి అందగానే చెప్పింది.

"గొట్టం మూసింది నువ్వు. వాసనొచ్చిందని తన్నులు నాకా?"

ఆ మాటకు పడిన దెబ్బ ఆమె పంటిని విరగ్గొట్టింది. ముందు పన్ను. అవ్వ చనిపోయేవరకూ నవ్వితే చేయి అడ్డం పెట్టుకునేది.

ఇదంతా ఇట్లాగే ఏళ్ళ తరబడి సాగేదేమో. మా వాడలో ఇట్లాంటి ఇళ్ళు చాలానే ఉండేవి, ఆడవాళ్ళు బావి దగ్గర ఒకరి వాతలు ఒకరు చూసుకుని చల్లగా నవ్వుకునేవాళ్ళు. కానీ మా చెల్లె సుగుణ పుట్టింది. పుట్టిన కొన్నాళ్ళకే దానికి పిల్లికూతల దగ్గు పట్టుకుంది. పొయ్యి వెలిగించగానే మొదలయ్యేది. పక్కటెముకలు లోపలికి పోయేవి, మెడ గుంట పడేది, రొమ్ములోంచి ఈల వచ్చేది. బయటికి తీసుకుపోతే కాసేపటికి తగ్గేది. వాడలో వైద్యం చేసే ఆచారి వచ్చి చూసి, బిడ్డను పొగలో ఉంచకండి, ఉంచితే దక్కదు అని బాపు ముందే చెప్పిపోయాడు. బాపు తలూపాడు. మరునాడు గోనె యథాప్రకారం గొట్టంలో ఉంది. పడుగు సగంలో ఉంది, పండగ ముందు చీరలు దిగాలి, పిల్లను కాసేపు వాకిట్లో ఆడించుకొమ్మన్నాడు. అవ్వ వాకిట్లో ఆడిస్తే వంట ఎవరు చేస్తారు, కండెలు ఎవరు చుడతారు? ఆమె పిల్లను చంకన వేసుకునే పొయ్యి ఊదేది. చెల్లె రొమ్ములో ఈలను, గుమ్మానికి వేలాడే పోగును ఒకేసారి కనిపెట్టుకుని ఉండేది. ఆ రోజుల్లో ఆమె నిద్రపోగా నేను చూడలేదు.

దీనికంతటికీ మందు ఎంత చిన్నదో చూడండి. గుమ్మానికి ఒక తలుపు. తలుపు వేసుకుంటే గొట్టం తన గాలి తాను వెనక దొడ్డివైపు నుంచి లాక్కుంటుంది, మగ్గం గదిలో గాలి కదలదు. ఆ సంగతి అవ్వకు తట్టింది. ఎంతో మెల్లగా, ఆయన అన్నం తిని ప్రసన్నంగా ఉన్నప్పుడు అడిగింది. బాపుకు అది మగ్గం సంగతిగా వినపడలేదు. పెళ్ళాం తన ఇంట్లో తనకు తలుపు వేయాలనుకుంటోందని వినపడింది. గుంటలో కూర్చుంటే ఆయనకు పొయ్యి కనపడాలి, రాట్నం కనపడాలి, అవ్వ చేతులు ఖాళీగా ఉన్నాయో లేవో కనపడాలి.

"నా ఇంట్ల నాకే తలుపేందే? లోపల ఏం దాచుకుంటవ్?" అన్నాడు. అంతటితో అది అయిపోయిందనుకున్నాడు.

అవ్వ పుట్టిల్లు కోరుట్ల. మా మేనమామ అక్కడ వడ్రంగి పనివాళ్ళను పెట్టి తలుపులు, దర్వాజాలు చేయించి అమ్మేవాడు. అవ్వ ఎవరితో కబురు పంపిందో నాకు తెలియదు. ఒకనాడు పొద్దున్నే మామ బస్సు మీద తలుపు ఎక్కించుకుని దిగాడు. ఒంటిరెక్క వేపతలుపు, నీలం రంగు వేసింది. వాడంతా చూస్తుండగా తలమీద పెట్టుకుని మోసుకొచ్చాడు. బాపు మామను ప్రేమగా కూర్చోబెట్టాడు. ఇద్దరూ కల్లు తాగారు. మంచిగుంది బామ్మర్దీ, రేపే వడ్లాయనను పిలిచి పెట్టిస్తా అన్నాడు. మామ సంబరపడి మధ్యాహ్నం బస్సుకు తిరిగి వెళ్ళిపోయాడు. అవ్వ ఆ తలుపును గోడకు ఆనించి, కొంగుతో దుమ్ము తుడిచింది. ఆమె మొహంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు. నాకు ఆ తలుపు మీద గొళ్ళెం వేసి తీయడమే ఆట.

మరునాడు వడ్లాయన రాలేదు. బాపు దొడ్లోంచి గొడ్డలి తెచ్చాడు. తలుపును నేలమీద పడేసి, మీద కాలు పెట్టి తొక్కి పట్టి నరికాడు. నీలం పెచ్చులు గదంతా ఎగిరాయి. అవ్వ అడ్డం పోతే గొడ్డలి తిరగేసి కర్ర కామతో భుజం మీద కొట్టాడు. చెయ్యి అప్పటికప్పుడు వేలాడిపోయింది. తర్వాత ఆ ముక్కలన్నీ ఏరి పొయ్యి ముందు కుప్ప పోసి, ఇవాళ వీటితోనే వండమన్నాడు. పీట వేసుకుని గొట్టంలో గోనెను పిడికిలితో ఇంకా లోపలికి కుక్కి, గుంటలోకి దిగి, నాడె అందుకున్నాడు.

అవ్వ వండింది. ఒక్క చేత్తో ముక్కలు పొయ్యిలో పెట్టింది. రంగు వేసిన వేపకట్టె అది. నల్లటి పొగ లేచి, పైకప్పుకు తగిలి, కిందికి దిగి గదంతా పరుచుకుంది. నాకు నాయనమ్మ కనపడలేదు. నేను నేలకు బోర్లా పడుకుని ఊపిరి పీలుస్తున్నాను. చెల్లె ఈల మొదలైంది. కాసేపటికి ఈల ఆగిపోయింది. ఆగిపోతే నేను పిచ్చిదాన్ని, తగ్గిందనుకున్నాను. అవ్వ అనుకోలేదు. పొగలో చేత్తో తడిమి చెల్లెను పట్టుకుని, వెలుతురుకు మొహం తిప్పి చూసి, తిరిగి పొయ్యి పక్కన చాప మీద పెట్టింది. ఒక్క చేయే పనిచేస్తోంది. ఆ చేత్తో పొయ్యిలోంచి మండుతున్న తలుపు ముక్కను లాగి, గుమ్మం దాటి, మగ్గం ముందు నిలబడింది. నిప్పును పడుగుకు జానెడు దూరంలో పట్టుకుంది.

"గోనె తీస్తవా, పడుగు అంటువెట్టాల్నా?"

నేతపని వాళ్ళింట్లో పుట్టి పెరిగినవాళ్ళెవరూ ఆ మాట అనరు. మా వాళ్ళలో మగ్గానికి కాలు తగిలితే కళ్ళకద్దుకుంటారు. సగం నేసిన పడుగును కత్తిరించాల్సి వస్తే ఆ ఇంట్లో ఎవరో పోయారన్నట్టు చూస్తారు. బాపు ఆమె నిజంగా ఆ పని చేస్తుందని నమ్మలేదు. నమ్మి ఉంటే లేచి గోనె తీసేవాడేమో. ఆయన వెదురుబద్ద కోసం చెయ్యి చాపాడు. అవ్వ ఆ బద్ద ఆయన చేతికి అందేదాకా చూసింది. అందాక, నిప్పును పడుగుకు ఆనించింది.

గంజి పెట్టిన నూలు. భగ్గుమంది. బాపు బద్ద పారేసి, అరుస్తూ, ఉత్త చేతులతో మంటను చరిచాడు. అవ్వ వెనక్కి తిరిగి చూడలేదు. వంటింట్లోకి పోయి, పీట ఎక్కి, ఆ ఒక్క చేత్తో గోనెను పట్టుకుని, శరీరమంతా వేలాడేసి లాగింది. గోనెతో పాటు ఒక కుండ పెచ్చు ఊడి ఆమె మొహం మీద పడింది. గొట్టం తెరుచుకుంది. పొగంతా ఒక్క విసురుగా ఆ మూలకు తిరిగింది. అప్పుడు నాకు నాయనమ్మ కనపడింది. కళ్ళు లేని ఆ ముసలిది చాప వెతుక్కుని, చెల్లెను గుండెకు కరుచుకుని, గోడ పట్టుకుంటూ దొడ్డి తలుపు దాటిపోతోంది. నేను ఆమె కొంగు పట్టుకుని బయట పడ్డాను. దొడ్లో ఆమె చెల్లె నోట్లో నోరు పెట్టి ఊదింది. పొయ్యి ఊదినట్టే ఊదింది. చెల్లె ఏడ్చింది.

కులం పెద్దలు కూర్చున్నారు. తలుపు సంగతి, గోనె సంగతి ఎవరూ అడగలేదు. ఆడది పడుగు కాల్చింది, అంతే. బాపు రెండు చేతులకూ ఆకులు చుట్టి కట్టుకుని నడుమ కూర్చున్నాడు, అందరూ ఆయన్ని చూసి అయ్యో అన్నారు. ఇంత చేసినా పెళ్ళాన్ని వెళ్ళగొట్టని మంచి మనిషి అని ఆయనకు పేరొచ్చింది. అవ్వను కాలిన మగ్గానికి నుదురు ఆనించి మొక్కమన్నారు. ఆమె మొక్కింది. లేచి, ఇంక గొట్టంలో గోనె పెట్టొద్దని ఆయనకు కూడా చెప్పండి అంది. పెద్దల్లో ఎవరో నవ్వారు కూడా. కానీ గోనె మళ్ళీ పెట్టే అవసరం రాలేదు. బాపు అరచేతులు బిగుసుకుపోయాయి, సన్నటి పోగు ముడివేయడం ఆయన వల్ల కాలేదు. అప్పటికే ఊళ్ళో సాంచెలని మేము పిలిచే మరమగ్గాలు వచ్చాయి. ఒకరి కార్ఖానాలో వాటి మీద పనికి కుదిరాడు. గుంటను మట్టితో పూడ్చేశారు. కొట్టడం మానాడా అంటే, అవ్వను కొట్టడం ఒకేసారి మానలేదు. పొగ గురించి కొట్టడం మానాడు. చెల్లె మీద మాత్రం ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు.

ఇప్పుడు నా వంటింట్లో గ్యాస్ పొయ్యి, దాని మీద కరెంటు చిమ్నీ. మీట నొక్కితే పోపు వాసన కూడా మిగలదు. మా అపార్ట్‌మెంటులో అందరిళ్ళలోనూ ఉంది. కింది అంతస్తులో ఒకాయన పెళ్ళాన్ని కొట్టేటప్పుడు ఆ చిమ్నీని పెద్ద స్పీడులో పెడతాడు, ఏడుపు వినిపించకుండా. నేను వెళ్ళి తలుపు బాదుతాను. మా ఆయన వద్దంటాడు, అయినా బాదుతాను. పొగ పోయింది కాబట్టి మనం బాగుపడ్డామని ఎవరైనా అంటే నాకు వాళ్ళ చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

మొన్న చెల్లె నన్ను చూడ్డానికి వచ్చింది. కోరుట్లలో ఉంటుంది, మనవలున్నారు. మనిషి గట్టిది, మా మెట్లన్నీ ఆయాసం లేకుండా ఎక్కింది. బాపు చివరి రోజులు దాని దగ్గరే గడిచాయి, ఆయన పోయాక అవ్వవీ అంతే. దానికి బాపంటే ప్రాణం. ఆ రోజు సంగతి దానికి చెప్పొద్దని అవ్వ నా దగ్గర మాట తీసుకుంది, చిన్నదానికి బాపును బాపులాగే ఉండనియ్యి అని. ఇన్నేళ్ళూ ఆ మాట మీదే ఉన్నాను. చెల్లె నా ఎక్స్‌రే చూసి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. మాటల మీద మాట వచ్చి సిరిసిల్ల ఇల్లు వచ్చింది.

"అవ్వకు గప్పుడు పిచ్చి లేసి మగ్గం కాలవెట్టిందట గదక్కా. బాపు చేతులు సూస్తే నాకు ఏడుపచ్చేది. అన్నం గుడ మంచిగ కలుపుకోరాకపాయె" అంది.

ఎవరు చెప్పారని అడిగాను. బాపే చెప్పాడంది. ఆయన చచ్చిపోయి కూడా అవ్వను కొడుతున్నాడనిపించింది. అవ్వకిచ్చిన మాట అక్కడితో తెగిపోయింది, దానికి నేను బాధపడటం లేదు.

"నువ్వు గప్పుడు యాడున్నవో చెప్పిండా?"

"లేదు. యాడున్న?"

"పొయ్యి పక్కన ఉన్నవ్. మూతి నీలమైంది. ఊపిరి తీస్తలేవు."

మొదటినుంచి చివరిదాకా చెప్పాను. తలుపు, గొడ్డలి, గోనె, అన్నీ. చెప్పడం అయిపోయాక చెల్లె గోడవైపు తిరిగి కూర్చుంది. నా వైపు తిరగకుండానే మాట్లాడింది.

"అవ్వ నా దగ్గరున్నన్ని రోజులు, మళ్ల పిచ్చి లేస్తదేమోనని, ఆమె చేతికి అగ్గిపెట్టె అందకుండ దాచిపెట్టిన అక్కా" అంది.